నల్లబడితే నూనె పాడైనట్టేనా?

ఉక్కు నగరం భిలాయి సెక్టార్లలో ఉంటున్న ఒక పాఠకుడి ప్రశ్న: ‘‘కారులో ఖరీదైన సింథటిక్ ఇంజన్ ఆయిల్ పోయించాను. కొద్ది నెలలకే నల్లబడింది. మోసపోయారంటున్నాడు మెకానిక్. నిజమేనా?’’

కాదండీ. మసిని అడుగున పేరుకోనివ్వకుండా తేల్చి ఉంచే డిస్పర్సెంట్లు నూనెలో ఉంటాయి. నల్లబడిందంటే అవి పని చేస్తున్నాయన్నమాట. డిప్‌స్టిక్ రంగు చూడటం, నూనెను వేళ్ల మధ్య రుద్దడం మన గ్యారేజీల్లో పెద్ద విద్యగా చలామణీ అవుతున్నాయి. వాటితో తేలేది దాదాపు శూన్యం. చూడాల్సింది వేడిలో నిలిచే చిక్కదనం.

ఏ నూనైనా వేడికి పలచబడుతుంది. ఎంతగా అన్నది కొలవడానికి 1929లో అమెరికాలో డీన్, డేవిస్ అనే ఇద్దరు ఒక కొలబద్ద తయారుచేశారు. తక్కువ మారే పెన్సిల్వేనియా నూనెకు 100, బాగా పలచబడే గల్ఫ్ తీరపు నూనెకు సున్నా. నూటికి నూరు దాటి మార్కులు తెచ్చుకునే నూనె వాళ్ల లెక్కలోనే లేదు! ఇవాళ సింథటిక్ 5డబ్ల్యూ-30 రకాలు 150 దాటడం మామూలే. నూరు పైబడినవాటికి వేరే సూత్రమే రాయాల్సి వచ్చింది.

ఈ పరీక్ష 40, 100 డిగ్రీల దగ్గర చేస్తారు. మే నెలలో భిలాయిలో ఇంజన్ తిప్పకముందే నూనె ఆ 40 డిగ్రీలు అందుకుంటుంది. అప్పుడు సింథటిక్ 5డబ్ల్యూ-30 చిక్కదనం సుమారు 60 సెంటీస్టోక్స్. 100 డిగ్రీలకు చేరితే 10, 11. పాతకాలపు ఒంటి గ్రేడు ఎస్‌ఏఈ 30 ఖనిజ నూనె 100 దగ్గర ఇంచుమించు అంతే ఉన్నా, 40 దగ్గర 90 పైమాటే.

ఖనిజ నూనెతో మల్టీగ్రేడ్ (చలికీ వేడికీ పనికొచ్చే రకం) చేయాలంటే పొడవాటి పాలిమర్ అణువులు కలపాలి. అసలు తమాషా వీటిదే. చల్లగా ఉన్నప్పుడు నూలుండల్లా ముడుచుకుని ప్రవాహానికి అడ్డురావు. వేడెక్కగానే విచ్చుకుని నూనెను మరీ పలచబడనివ్వవు. కానీ పిస్టన్ రింగులు, క్యామ్‌ల మధ్య నలిగి తెగుతాయి. తెగినవి మళ్లీ అతకవు. సింథటిక్‌లో మూలనూనె అణువులే ఒక తీరుగా ఉంటాయి కాబట్టి పాలిమర్ తక్కువ చాలు, తెగి నష్టపోయేదీ తక్కువే. దాని ఘనత ఇక్కడుంది, రంగులో కాదు.

కాబట్టి వాడిన నూనె 100 డిగ్రీల దగ్గర 9.3 సెంటీస్టోక్స్ కంటే దిగిందా? తేనెరంగులో మెరుస్తున్నా సరే, అది 30 గ్రేడు నుంచి జారిపోయినట్టే. కారణం పాలిమర్ తెగడమే కానక్కర్లేదు. ఇల్లు, ప్లాంటు, సివిక్ సెంటర్ అంటూ చిన్న చిన్న దూరాలే తిరిగితే నూనె పూర్తిగా కాగదు, అందులో చేరిన పెట్రోలు ఆవిరైపోక దాన్ని పలచబరుస్తుంది.

ఉక్కు కర్మాగారాల్లో గేర్‌బాక్సు నూనెను సీసాకెత్తి ల్యాబుకు పంపడం మామూలు పనే. సొంత కారు దగ్గరికొచ్చేసరికి అక్కడి ఇంజనీరే వేలితో రుద్ది చూస్తాడు!

ఈసారి ఆయిల్ మార్పించేటప్పుడు పాత నూనె, కొత్త నూనె చెరో సీసాలో పట్టి పరీక్ష చేయించండి. 100 డిగ్రీల చిక్కదనం, ఇనుము, సిలికాన్ అంకెలు చూడండి. ఇనుము అరుగుదలను చెబుతుంది, సిలికాన్ ఎయిర్ ఫిల్టర్ దాటొచ్చిన దుమ్మును పట్టిస్తుంది. అంతవరకు కారు మాన్యువల్‌లో రాసిన గడువే పాటించండి.