కారులోని తీగలు: కంటికి నచ్చేవి, కాలానికి నిలిచేవి

శ్రోతలలో మోటారు కారు ఉన్నవారు ఎందరో ఉంటారు. కారు కొనేటపుడు రంగు చూస్తాము, సీట్లు చూస్తాము, ఇంజను చప్పుడు చెవియొగ్గి వింటాము. కాని తివాచీల క్రిందను, తలుపుల మాటునను, ఇంజను ప్రక్కను పాకిపోయిన తీగల కట్టను చూపించమని అడిగేవారు అరుదు. నేటి కారులోని తీగలన్నిటినీ విప్పి ఒకదాని చివర ఒకటి పరిస్తే కిలోమీటరు దాటిపోతుంది. ఈ కట్టకు ఇంజనీర్లు హార్నెస్సు అని పేరు పెట్టారు. మన బజారులో వైరింగు కిట్టు అంటారు. దీపాలు, హారను, స్టార్టరు, పెట్రోలు ముల్లు అన్నీ దానిమీదనే ఆధారపడి ఉన్నవి. పాత కారుకు దానిని మార్చవలసి వచ్చినపుడు గాని ఇంటి యజమానికి దానితో పరిచయం కలుగదు. నాకూ అలాగే కలిగింది.

మా ఇంట 1980వ దశకం నాటి అంబాసిడరు ఒకటి ఉన్నది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినా, నాన్నగారి జ్ఞాపకంగా దానిని వదలలేక నడుపుకొంటున్నాము. కొన్నేళ్ళ క్రిందట వైర్లు పెళుసెక్కి పగులుతున్నవని కొత్త కిట్టు వేయించ తలపెట్టాము. దుకాణంలో రెండు రకాలు చూపారు. ఒకటి సన్నగా, కాంతిలేని రంగులతో, వంచితే కొంచెం బిరుసుగా ఉన్నది. రెండవది లావుగా, మెత్తగా, పట్టుదారపు చిలపవలె నిగనిగలాడుతున్నది. దానిపైన చక్కని అల్లిక తొడుగు, కొసలకు బంగారు పూత. పైగా ధర తక్కువ. ఇంటిల్లిపాదీ రెండవదానికే మొగ్గాము.

రెండు వేసవులు గడిచినవి. ఒకనాటి రాత్రి పెళ్ళినుండి తిరిగి వస్తూ, కృష్ణా డెల్టాలో ఒక కాలువ గట్టుమీద ఉండగా, ముందు దీపాలు నూనె తరిగిన ప్రమిదలవలె మందగించి, కొద్ది దూరం పోగానే బొత్తిగా ఆరిపోయినవి. ఎడమ ప్రక్క నిండు కాలువ. వెనుక సీటులో మా అమ్మగారు, ఇద్దరు పిల్లలు. బ్రేకు నొక్కి ఆపి, దిగి, టార్చి వేసి చూస్తే చక్రానికీ గట్టు అంచుకూ నడుమ మూరెడు నేల మాత్రమే ఉన్నది.

మరునాడు కారును విజయవాడ ఆటోనగరుకు లాగించాము. తల నెరసిన మెకానికు ఒకరు దీపాల వద్ద నల్లబడిన కొసను కత్తిరించి, తొడుగు ఒలిచి, నా చేతిలో పెట్టారు.

"ఇదేమిటో చెప్పండి సార్."

"రాగి. ఎర్రగా కనబడుతూనే ఉన్నది గదా!"

ఆయన మాట్లాడకుండా ఒక పోగును బ్లేడుతో గీకారు. ఎరుపు లేచిపోయి లోపల తెల్లని లోహం బయటపడింది.

"అల్యూమినియం మీద రాగి తొడిగారండి. మన చిలకలపూడి సరుకు లాంటిది. నగ అయితే పెళ్ళిలో మెరిస్తే చాలు. ఇది కరెంటు మొయ్యాలి గదండీ. పైన పటారం, లోన లొటారం!"

బందరు ప్రక్కనున్న చిలకలపూడి నగలను పూత నగలని చెప్పే అమ్ముతారు. అందులో మోసం లేదు. నాకు అమ్మిన వైరు విషయంలో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇట్టి వైరు స్వతహాగా పనికిమాలినదని కూడా అనడానికి వీలులేదు. మా రేడియోవారికి సన్నిహితమైన ఉదాహరణ ఒకటి చెబుతాను. అధిక పౌనఃపున్యం గల విద్యుత్తు తీగ పైపొరలోనే ప్రవహిస్తుంది. కనుక ఏరియలు కేబుళ్ళవంటి వాటిలో లోపల అల్యూమినియం, పైన రాగి ఉండడం న్యాయమే. కారు బ్యాటరీనుండి వచ్చే విద్యుత్తు అటువంటిది కాదు. అది తీగ మందమంతటా సమానంగా పారుతుంది. పైపూతతో దానికి పనిలేదు.

రాగి నూరు పాళ్ళు విద్యుత్తును మోయగలదనుకొంటే అంతే మందం గల అల్యూమినియం అరవైయొక్క పాళ్ళు మోస్తుంది. రాగి పూతవల్ల మరి రెండు మూడు పాళ్ళు కలిసివస్తాయి. ఈ తేడా ఏపాటిదో లెక్క వేసి చూద్దాము. 55 వాట్ల దీపాలు రెండు వెలిగితే 12 వోల్టుల బ్యాటరీనుండి సుమారు 9 ఆంపియర్లు తీసుకొంటాయి. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల వైరు అయిదు మీటర్ల పొడుగున ఉన్నదనుకొందాము. అది మేలైన రాగి అయితే దారిలో 0.8 వోల్టు పోతుంది. రాగి తొడిగిన అల్యూమినియమైతే 1.2 వోల్టు పోతుంది. తేడా స్వల్పమేనని అనిపించవచ్చు. కాని హాలొజెన్ దీపానికి వోల్టేజి నూటికి అయిదు తగ్గితే వెలుగు నూటికి పదిహేను తగ్గుతుంది. పది తగ్గితే ఇంచుమించు ముప్పై తగ్గుతుంది. కాలువ గట్టుమీద ఆ తగ్గినదే మనకు కావలసిన వెలుగు.

దీపాలు మందగించడానికి ఇది కొంత కారణం. ఆరిపోవడానికి కారణం కొసల వద్ద ఉన్నది. అల్యూమినియానికి గాలి తగలగానే పైన ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొర విద్యుత్తును పోనివ్వదు. అంతేకాక, ఒత్తిడిలో ఉన్న అల్యూమినియం కాలక్రమాన మెల్లగా జారి సడలుతుంది. బిగించిన కొస వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి మరింత వదులవుతుంది. కొసన ఉన్న బంగారు పూత ఇక్కడ చేసిన మేలు లేకపోగా కీడు చేసింది. దానిని దూర్చిన రెండవ కొస తగరపు పూతది. బంగారం తుప్పు పట్టని మాట నిజమే. కాని బంగారు కొసను తగరపు కొసతో జతచేస్తే, ఇంజను అదురుకు రాపిడి కలిగి తగరం త్వరగా చెడిపోతుంది. బంగారంతో బంగారం, తగరంతో తగరం, ఇదే ఆ కొసలకు తగిన వియ్యం.

ఇందుకు తలక్రిందులైన సంగతి ఒకటి ఉన్నది. కొన్ని వైర్లను ఒలిస్తే లోపలి పోగులు వెండివలె తెల్లగా కనబడతాయి. అల్యూమినియమని భ్రమపడి వాటిని తిప్పి పంపేవారు ఉన్నారు. అది చాలావరకు తగరపు పూత పూసిన మేలిమి రాగి. ఇత్తడి గిన్నెకు కళాయి వేయించే ఆచారం తెలిసినవారికి ఇందులో వింత కనబడదు. పూర్వం వైర్లకు రబ్బరు తొడుగు వేసేవారు. రబ్బరులోని గంధకం రాగిని తినివేసేది గనుక రాగికి కళాయి వేశారు. రబ్బరు పోయినా, విశాఖవంటి సముద్రతీరాలలో ఉప్పుగాలి తట్టుకోవడానికి ఆ కళాయి ఈనాటికీ పనికివస్తున్నది. ఎర్రగా కనబడినది అల్యూమినియం, తెల్లగా కనబడినది రాగి! బ్లేడు గీటు ఒక్కటే నిజం చెబుతుంది. త్రాసు కూడా చెబుతుంది. రాగి తొడిగిన అల్యూమినియం అంతే కొలత గల రాగిలో మూడవవంతుకు కొంచెం మించి తూగుతుంది.

ఇక తొడుగు మాట. వైరు మెత్తగా ఉంటే మేలైనదని మనవారి నమ్మకం. ఆ మెత్తదనం ఎక్కడినుండి వస్తున్నదో తెలిస్తే ఆ నమ్మకం సడలుతుంది. పి.వి.సి. సహజంగా గట్టి పదార్థం. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దానిని కొన్ని ద్రవాలతో కలిపి మెత్తబరిచే ఉపాయం కనిపెట్టాడు. అప్పటినుండి క్రమంగా రబ్బరు, నూలు అల్లిక గల పాత వైర్లు వెనుకబడినవి. అయితే ఆ ద్రవం పి.వి.సి.తో రసాయనికంగా ఏకమైపోదు. పిండిలో కలిపిన నూనెవలె ఇమిడి ఉంటుంది. వేడి తగిలినకొద్దీ మెల్లగా బయటికి వస్తుంది. అది పోయినకొద్దీ తొడుగు బిరుసెక్కి, ముడుచుకొని, పగులుతుంది. పాత కారులో వైరు వంచగానే పెళుక్కున విరగడానికి ఇదే కారణం. చవక వైరు దుకాణంలో ఎంత మెత్తగా ఉన్నదో చూచి మురిసిపోయేటపుడు, పోగొట్టుకోవలసిన ద్రవాన్ని చూచి మురుస్తున్నామన్నమాట.

నేటి కంపెనీలు ఇంజను దగ్గర వాడే తొడుగు వేరు. అది అణువుల నడుమ లంకెలు వేసిన పాలిథీను. మామూలు పాలిథీనులో అణువులు పొడుగాటి దారపు పోగులవలె విడివిడిగా ఉంటాయి. వేడి తగిలితే ఒకదానిపై ఒకటి జారిపోతాయి, అదే కరగడం. వాటిమీద ఎలక్ట్రాన్ల ధారను ప్రయోగించి గాని, రసాయనాలతో గాని, పోగుకూ పోగుకూ ముడి వేస్తారు. పోగుల కుప్ప చేపల వలగా మారుతుంది. ఆ పైన వేడి చేసినా అది కారిపోదు. కాలిన సోల్డరింగు కడ్డీని తాకిస్తే పి.వి.సి. కరిగి జారుతుంది, ఇది కమిలినా చోటు వదలదు. అంతర్జాతీయ ప్రమాణాలలో ఈ వైర్లకు వేడినిబట్టి తరగతులు ఉన్నవి. మొదటి తరగతి 85 డిగ్రీలు, రెండవది 100, మూడవది 125 సెంటిగ్రేడు డిగ్రీలు, ఆపైన మరికొన్ని. ఆ వేడిలో 3000 గంటలు ఉంచి, తరువాత చుట్టి చూచి, పగలకపోతేనే తరగతి ఇస్తారు. రెంటచింతల ఎండలో నిలబడిన కారు బానెట్టు క్రింద మొదటి తరగతి వైరును పరచడం సాహసం.

మరొక విశేషం. మామూలు తొడుగు మందం 0.6 మిల్లీమీటరు ఉండే వైరుకు ఈ కొత్త రకంలో 0.3 చాలు. కనుక మేలైన వైరు సన్నగా, కొంచెం బిరుసుగా, పేలవంగా కనబడుతుంది. నేను దుకాణంలో వద్దని ప్రక్కకు నెట్టినది సరిగా ఆ రకమే. లావుగా ఉన్నదని కొన్నదానిలో లావంతా పి.వి.సి.దే.

ఖరీదు పెడితే చాలునని కూడా చెప్పలేము. 1990వ దశకం తొలిభాగంలో తయారైన కొన్ని మెర్సిడెస్ బెంజి కార్లలో ఇంజను వైర్ల తొడుగు కొన్నేళ్ళకే వేడికి పొడియై రాలిపోయిన సంగతి మెకానికులకు సుపరిచితం. అంతటి కారులోనూ తొడుగు పదార్థం తప్పితే మిగిలిన పనితనం దానిని కాపాడలేదు.

పైన వేసే అల్లిక తొడుగులు అందమైనవే. వాటిలో మంచివీ ఉన్నవి. కాని రాపిడిని ఓర్చుకోవడానికీ, ఇనుప రేకు అంచున కోసుకుపోకుండా ఉండడానికీ చూడముచ్చట లేని నైలాను ముడతల గొట్టమే దిట్టమైనది. మామూలు పి.వి.సి. టేపు చుట్టితే మొదట నున్నగా ఉండి, ఎండకు జిగురు కారి బంకబంక అవుతుంది. ఫ్యాక్టరీవారు గుడ్డ టేపు చుడతారు. కట్టే నైలాను పట్టీలలో తెల్లవి శుభ్రంగా కనబడతాయి గాని ఎండలో పెళుసెక్కుతాయి. నల్లవాటిలో కలిపిన సన్నని మసి ఎండలోని అతినీలలోహిత కిరణాలను లోనికి పోనివ్వదు. సోల్డరు కూడా అంతే. మెరిసే అతుకు ముచ్చటగా ఉంటుంది; కాని కరిగిన లోహం పోగుల నడుమ ప్రాకి తీగను కడ్డీగా చేస్తుంది, అదురుకు ఆ కడ్డీ అంచున విరుగుతుంది. తగిన పనిముట్టుతో నొక్కి బిగించిన కొస మోటుగా ఉన్నా అదురుకు నిలుస్తుంది.

అందం అంతా వ్యర్థమని నా అభిప్రాయం కాదు. వైర్ల రంగులు అలంకారం కోసం పెట్టినవి కావు, ఏ వైరు ఏ దీపానిదో గుర్తుపట్టడానికి పెట్టినవి. విద్యుత్తుతో నడిచే నేటి కార్లలో ఎక్కువ వోల్టేజి తీగలకు నారింజ రంగు వేయడం ప్రాణరక్షణ కోసమే. తీగలను వరుసగా కూర్చి కట్టడమూ చూపుకు మాత్రమే కాదు. వ్రేలాడే తీగ ఎక్కడో ఒకచోట ఒరుసుకొని తీరుతుంది. కారు లోపల, డాష్‌బోర్డు వెనుక, మంచి రాగి గల పి.వి.సి. వైరు నిశ్చింతగా సరిపోతుంది. అక్కడ కూడా అత్యుత్తమమైనదే కావాలని డబ్బు పోయడం నాకు సబబుగా తోచదు.

మెకానికు గారు ముందువైపంతా సన్న రకం వైరుతో క్రొత్తగా కట్టారు. దీపాలకు రిలే పెట్టి, బ్యాటరీనుండి ప్యూజు ద్వారా సూటిగా దారి ఇచ్చారు. వైరు కొనేటపుడు చుట్టమీద మోటారు వాహనాల కేబుళ్ళకు సంబంధించిన భారతీయ ప్రమాణం 2465 సంఖ్య ఉన్నదేమో చూడమనీ, ఉన్నా కూడా బ్లేడు గీటు మానవద్దనీ చెప్పారు. విప్పివేసిన నిగనిగల కట్టను పారవేయబోతే మా అమ్మగారు అడ్డుపడి, పెరటిలో బీరపాదు పందిరికి కట్టుతాళ్ళుగా వాడుకొన్నారు. బీరకాయల బరువుకు అది చక్కగా ఆగుతున్నది.