జీడిపిక్కల మీద నిలబడ్డ దేశం గినియా బిస్సావు

పాత నల్లగొండ, పాలమూరు జిల్లాలు రెండూ కలిపితే దాదాపు 33 వేల చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికా పడమటి కొసన, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న గినియా బిస్సావు విస్తీర్ణం 36,125. అందులో నదులు, సముద్రపు పాయలు తీసేస్తే మిగిలే నేల 28 వేలే. జనం మరీ తక్కువ. 2011 లెక్కల్లో మన రెండు జిల్లాల్లో 75 లక్షల మంది ఉంటే, ఆ దేశం మొత్తంలో ఇప్పటికీ సుమారు 22 లక్షలే.

గోవాను 1961 దాకా ఏలిన పోర్చుగలే అక్కడా ఏలింది. అందుకే ఆఫీసుల్లో, బడుల్లో పోర్చుగీసు నడుస్తుంది. బజారుకు పోతే మాత్రం వినపడేది క్రియోల్.

పోర్చుగల్‌ను వెళ్లగొట్టిన ఉద్యమానికి నాయకుడు అమిల్కార్ కాబ్రాల్. చదివింది వ్యవసాయ శాస్త్రం. 1953లో సర్కారు తరఫున పంటల లెక్క తీయడానికి ఊరూరూ తిరిగాడు. రైతుల బతుకు అప్పుడే దగ్గరగా చూశాడు. 1956లో పార్టీ పెట్టాడు, 1963లో సాయుధ పోరాటం మొదలైంది. నల్లగొండ పల్లెల్లో 1946-51 సాయుధ పోరాటంలో సంఘం ఏం చేసిందో తెలిసినవాళ్లకు తరువాతి కథ కొత్తగా అనిపించదు. విముక్తి చేసిన ఊళ్లలో కమిటీలు వేశారు, బడులు తెరిచారు, సరుకుల దుకాణాలు నడిపారు. కాబ్రాల్‌ను 1973 జనవరి 20న పొరుగుదేశపు రాజధాని కొనాక్రీలో కాల్చి చంపారు. ఆ సెప్టెంబరులోనే ఆయన పార్టీ స్వాతంత్ర్యం ప్రకటించింది. 1974 ఏప్రిల్‌లో లిస్బన్‌లో నియంతృత్వం కూలాక పోర్చుగల్ దాన్ని ఒప్పుకుంది.

ఆ తర్వాత తుపాకీ నీడ తొలగలేదు. 1980, 2003, 2012లలో తిరుగుబాట్లు, 1998-99లో అంతర్యుద్ధం. ఎన్నికల్లో గెలిచి పదవీకాలం పూర్తిచేసిన మొదటి అధ్యక్షుడు జోసె మారియో వాజ్, అదీ 2019లో! 2025 నవంబరులో ఎన్నికల ఫలితాలు రావడానికి ఒక్కరోజు ముందు సైన్యం మళ్లీ గద్దెనెక్కింది.

తీరానికి ఎదురుగా బిజాగోస్ దీవులున్నాయి. ఒరాంగో దీవిలో నీటిగుర్రాలు ఉప్పునీళ్లలోనూ ఈదుతాయి. ఈ దీవులకు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది.

ఇంత ప్రకృతి ఉన్నా దేశాన్ని పోషించేది ఒక్క చెట్టే. జీడిమామిడిని బ్రెజిల్ నుంచి గోవాకు తెచ్చిన పోర్చుగీసువాళ్లే ఆఫ్రికాకూ తీసుకుపోయారు. గినియా బిస్సావు ఎగుమతుల ఆదాయంలో ఇంచుమించు తొంభై శాతం జీడిపిక్కలదే. మార్చి నుంచి పిక్కలు రాలుతాయి, సర్కారు ధర ప్రకటిస్తుంది. కానీ అసలు రేటు నిర్ణయించేది కొనే దేశాలు, ముఖ్యంగా భారత్, వియత్నాం. చాలా ఊళ్లలో రైతు పిక్కలిచ్చి బియ్యం తీసుకుంటాడు. పిక్కల రేటు పడిపోయిన ఏడు అదే బియ్యం బస్తాకు ఎక్కువ పిక్కలు కొలవాలి.

అక్కడ ఫ్యాక్టరీలు కొద్దే, అందుకే పిక్కలు పచ్చివిగానే ఓడ ఎక్కుతాయి. శ్రీకాకుళం జిల్లా పలాసలో సొంత పంట చాలక ఆఫ్రికా దేశాల పిక్కలు తెప్పించుకుంటారు. వాటిని ఉడికించి, పెంకు కోసి, పొట్టు తీసి, గుండు, బద్ద, ముక్కగా వేరుచేస్తారు. ఆ పనుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. చెట్టు గినియా బిస్సావుదైనా పప్పు తీసే కూలీ, అమ్మితే వచ్చే లాభం కొన్న దేశంలోనే మిగులుతున్నాయి.