లెక్కలోకి రాని పెంటలు

నల్లమలలో ఫరహాబాద్ దాటి అడవి బాట పట్టిపోతే అప్పాపూర్ వస్తది. పాత మహబూబ్‌నగర్, ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లా, లింగాల మండలం. చెంచులు తమ ఊరిని పెంట అంటారు. మైదానంలో పెంట అంటే ఎరువు కుప్ప కాబట్టి ఆ మాటకు నవ్వే పట్నపోళ్ళున్నారు. నవ్వనీ! చెంచులకు అది నీళ్ళున్న చోట నాలుగు గుడిసెలు వేసుకుని తరాలుగా బతికిన జాగ. రాంపూర్, బౌరాపూర్, మేడిమల్కల, సంగడిగుండాల అన్నీ అట్లాంటి పెంటలే. కొన్నిట్లో ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఈ లెక్క దగ్గరే అసలు తిరకాసు ఉంది. 2011 జనగణన ప్రకారం తెలంగాణ ప్రాంతంలో చెంచులు 16,912 మంది. అయితే ఏ పెంటలో ఎందరు? జనగణనకు ఆధారం రెవెన్యూ గ్రామం. శివారు గూడెమైనా, తండా అయినా, పెంట అయినా దాని అంకెలో కలిసిపోవాల్సిందే. నల్గొండ తండాల కూలీలకు ఈ సంగతి కొత్త కాదు. జనం తక్కువని బడి రాదు, రోడ్డు రాదు. వచ్చినా జంగ్లాతోళ్ళ అనుమతి కావాలి. చివరికి, ఉన్నది పదిళ్ళే కదా, లేపేస్తే పోలా అనే దాకా వస్తుంది.

పదిళ్ళ వాళ్ళు ఏం చేసి బతుకుతారు? తేనె, తప్సి బంక, కుంకుడు, ఉసిరి, ఇప్పపువ్వు. కొండచరియ మీది తేనెపట్టు కోసం మనిషి తాడు పట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకునేది అన్నదమ్ముడు కాదు, బావమరిది. తన అక్కచెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడు మీదే ఉన్నాయి గనక వదలడని నమ్మకం. ఇంత ప్రాణాపాయంతో తెచ్చిన సరుకుకు ధర చెప్పేది మాత్రం కొనేవాడు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది, నిజమే. కానీ ధర నిర్ణయించే చోట చెంచు కూర్చోడు.

1983లో ఈ అడవి పులుల అభయారణ్యమైంది. రాష్ట్రం విడిపోయాక ఇటువైపుది అమ్రాబాద్ టైగర్ రిజర్వు. పులి అడుగును గుర్తుపట్టేది, బేస్ క్యాంపుల్లో కాపలా కాసేది చెంచు యువకులే. పులి పేరు చెప్పి ఖాళీ చేయమనేదీ వాళ్ళ పెంటలనే. కుటుంబానికి 10 లక్షలున్న పునరావాస ప్యాకేజీని 2021లో 15 లక్షలు చేశారు. మరి మనుషులుంటే చెడుతుందన్న ఈ అడవిలోనే 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం ఎట్లా సిఫారసు చేసింది? బోర్లు వేస్తే పులి బెదరదా? జనం లేచారు గనక ఆ సెప్టెంబరులో శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

పదిహేను లక్షలు చేతికొచ్చిన చెంచు కిందికి దిగి ఏమవుతాడు? పైకం ఎన్నాళ్ళుంటది? భూమి లేకపోతే మనలాగే కూలి, కాదంటే పాలేరుతనం. 2024 జూన్‌లో కొల్లాపూర్ ప్రాంతంలో పనికి రాలేదని ఒక చెంచు మహిళను చిత్రహింసలు పెట్టారు. పోలీసులు అరెస్టులు చేసిన కేసు అది. మైదానంలో చెంచుకు దొరికే కూలి ఎట్లాంటిదో మన సంఘాలకు వేరే చెప్పాలా?

చట్టంలో పట్టు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చాలి, ఆ తర్వాతే తరలింపు మాట. దానికీ గ్రామసభ తెలిసి, ఇష్టపడి, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు తీసుకుంటే అది గ్రామసభ కాదు. పోయే కార్యకర్తలు ముందు అడగాల్సింది ఆ తీర్మానం కాగితమే. ఇంకొకటి: 2021లో జరగాల్సిన జనగణన 2027కు పడింది. లెక్క రాసేవాళ్ళు వచ్చిననాడు, అడవికి పోయినవాళ్ళతో సహా ఏ పెంట మనుషులూ విడిచిపోకుండా చూడాలి. సంఘం కూడా తన సొంత పుస్తకంలో పెంట పేరుతో ఒక్కొక్క ఇల్లూ రాసి పెట్టుకోవాలి.