చెదిరితే లోతు లేదు

జిన్నారం నుంచి గడ్డపోతారం, బొల్లారం మీదుగా పటాన్‌చెరు దాకా సాగే పారిశ్రామికవాడలో మామూలు మనిషికి తుపాకీ కనిపించే చోట్లు తక్కువ. బ్యాంకు గుమ్మం, ఏటీఎంలకు డబ్బు మోసే వ్యాను, అంతే. అక్కడ గార్డు భుజాన వేలాడేది ఎక్కువగా 12 బోర్ డబుల్ బ్యారెల్. ఛర్రాలు, అంటే చిన్న సీసం గుండ్లు వెదజల్లే దాని మీద జనంలో ఓ మాట పాతుకుపోయింది: "ఛర్రా తూటాకు గురి ఎందుకు? అటు దిక్కు తిప్పి కొడితే చాలు, ఏదో ఒకటి తగుల్తది."

ఈ మాటను నమ్ముకుని అమెరికాలో ఒక రకం రివాల్వర్లే అమ్ముడుపోతున్నాయి. బ్రెజిల్ కంపెనీ టారస్ 2006లో 'జడ్జ్' అనే రివాల్వర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఐదు తూటాలు పట్టే దాని చక్రంలో మామూలు .45 కోల్ట్ బుల్లెట్ తూటా అయినా పెట్టుకోవచ్చు, .410 ఛర్రా తూటా అయినా పెట్టుకోవచ్చు. మయామీలో కొందరు జడ్జీలు రక్షణ కోసం దీన్ని దగ్గర పెట్టుకుంటున్నారని విని ఆ పేరు పెట్టామని కంపెనీ చెప్పుకుంది. 2011లో స్మిత్ అండ్ వెసన్ 'గవర్నర్' పేరుతో ఆరు తూటాల పోటీ సరుకు దించింది. జడ్జి, గవర్నరు అయ్యాక ఇక రాష్ట్రపతి ఒక్కరే మిగిలారు! అక్కడ స్థిరపడి స్టోర్లు, గ్యాస్ స్టేషన్లు నడుపుకుంటున్న మనవాళ్లకు కూడా గన్‌షాపు అద్దాల వెనక ఇవి కనిపిస్తూనే ఉంటాయి.

ఆలోచన మాత్రం కొత్తది కాదు. 1856లో పేటెంటు పొందిన లెమాట్ రివాల్వర్‌లో తొమ్మిది బుల్లెట్లతో పాటు నడిమధ్యన ఒక ఛర్రా గొట్టం కూడా ఉండేది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైనికాధికారులు దాన్ని వాడారు. అంతకన్నా మనకు దగ్గరి చుట్టం హౌదా పిస్టల్. ఏనుగు అంబారీ ఎక్కి వేటకు వెళ్లే తెల్లదొరలు, గాయపడ్డ పులి ఏనుగు మీదికి ఎగబాకితే చివరి ఆసరాగా ఈ లావుపాటి రెండు గొట్టాల పిస్టల్‌ను ఒళ్లో పెట్టుకునేవారు.

లెక్కల్లోకి వెళ్లే ముందు బోరు సంగతి. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోర్. అంటే లోపలి వ్యాసం 18.5 మిల్లీమీటర్లు. అంకె పెరిగే కొద్దీ గొట్టం సన్నబడుతుంది. .410కి మాత్రం ఈ లెక్క లేదు. అది అంగుళాల్లో నేరుగా చెప్పిన కొలత, 10.4 మిల్లీమీటర్లు. పౌను లెక్కలోకి మారిస్తే 67, 68 బోరు దగ్గర తేలుతుంది. రివాల్వర్‌లో పట్టే రెండున్నర అంగుళాల .410 తూటాలో సాధారణంగా 14 గ్రాముల సీసం ఉంటుంది. గార్డు చేతిలోని 12 బోర్ తూటాలో దానికి రెట్టింపు పైనే.

మన దేశం .410ని మరో దారిలో చూసింది. బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పాత .303 ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల గొట్టాలను గాడులు పోయేలా తొలిచి, నున్నటి .410 మస్కెట్లుగా మార్చి పోలీసులకు, జైలు కాపలాకు ఇచ్చింది. ఒక్కొక్క తూటాగా నింపుకోవాలి. ఎవరైనా లాక్కుపోయినా సైన్యం తూటాలు అందులో పనికిరావు. 1962 నాటి ఆయుధ నియమాల్లో ఈ .410 మస్కెట్లు నిషిద్ధ బోరు జాబితాలో చేరాయి. మామూలు లైసెన్సుదారుడికి మన దగ్గర ఎక్కువగా దొరికే రివాల్వర్ కాన్పూర్‌లో తయారయ్యే .32. 2014లో 'నిర్భీక్' అని మహిళల కోసం ప్రచారం చేసింది కూడా .32నే.

రివాల్వర్‌లో పడ్డ ఛర్రా తూటాకు మొదటి కష్టం గొట్టం పొడుగు. తూటా పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి మన ఫార్మా ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు చెబితే చటుక్కున అర్థమవుతుంది. బాయిలర్ మీటరు పది, పదిహేను కేజీల ప్రెషర్ చూపిస్తేనే అక్కడ అంత జాగ్రత్త. .410 తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి ఎనిమిది వందల కేజీల పైమాటే. కాకపోతే అది నిలిచేది సెకనులో వెయ్యో వంతు, రెండు వంతులు. ఆ కాస్త సమయంలోనే వాయువు ఛర్రాలను ముందుకు నెట్టాలి. పొడుగాటి తుపాకీలో అయితే రెండడుగుల పైగా నెడుతుంది, ఛర్రాలు సెకనుకు 365 మీటర్ల వేగం అందుకుంటాయి. రివాల్వర్ గొట్టం మూడంగుళాలైతే మందు పూర్తిగా కాలక ముందే ఛర్రాలు బయటపడతాయి. మిగిలిన మందు గొట్టం మూతి దగ్గర పెద్ద మంటగా, చెవులు దిమ్మెక్కే చప్పుడుగా వృథా అవుతుంది. చక్రానికీ గొట్టానికీ మధ్య సందులోంచి కొంత వాయువు ఎటూ కారిపోతుంది. గొట్టం .45 బుల్లెట్ కోసం చేసింది కాబట్టి .410 సరుకుకు కాస్త వదులు, అక్కడా కొంత నష్టమే. చివరికి వేగం 210 మీటర్ల దగ్గర ఆగుతుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, అదే తూటా పొడుగు తుపాకీలో ఇచ్చే శక్తిలో మూడో వంతే చేతికొస్తుంది.

రెండో కష్టం వింతైనది. దాన్ని తెచ్చిపెట్టింది చట్టం. ఛర్రాలు పేల్చే గొట్టం నున్నగా ఉండాలి. గాడులు ఉండాల్సింది ఒంటి బుల్లెట్‌కు. ఆ గాడుల వల్లే బుల్లెట్ గిరగిరా తిరుగుతూ తిన్నగా పోతుంది. అయితే నున్నటి గొట్టంతో ఛర్రాలు పేల్చే చేతి తుపాకీని అమెరికాలో 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం ప్రత్యేక రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చింది. గాడులుండి, .45 బుల్లెట్ కూడా పేలిస్తే అది మామూలు రివాల్వర్ కింద లెక్క. అందుకని తయారీదార్లు భౌతికశాస్త్రం వద్దన్నా గాడులు పెట్టారు.

దాని ఫలితం కాగితం మీద తేలిగ్గా కట్టవచ్చు. గాడి అడుగు పొడుగునా ఒక చుట్టు తిరుగుతుంది అనుకుందాం. గొట్టం గోడను ఆనుకున్న ఛర్రా అడుగు ముందుకు పోయేలోపు మూడు సెంటీమీటర్ల చిల్లర చుట్టూ తిరుగుతుంది. అంటే పక్కకు లాగే వేగం, ముందుకు పోయే వేగంలో దాదాపు పదో వంతు. మందు ఎక్కువ వేసినా, తక్కువ వేసినా ఈ నిష్పత్తి మారదు. గొట్టం దాటగానే ఆపే గోడ ఉండదు కాబట్టి ఛర్రా ఆ వేగంతోనే పక్కకు దూసుకుపోతుంది. ఐదు మీటర్ల దూరంలో అది అర మీటరు పక్కకు జరిగిపోతుంది. తూటాలోని ప్లాస్టిక్ గిన్నె పూర్తిగా తిరగదు గనుక వాస్తవంలో ఇంతకంటే తక్కువే చెదరవచ్చు గానీ, ఆకారం మాత్రం ఇదే. అంచుల్లో ఛర్రాలు గుమిగూడి, నడుమ పలచబడి, గారె మాదిరి బొక్క మిగులుతుంది. గురి పెట్టిన మనిషి సరిగ్గా ఆ బొక్కలో నిలబడి ఉంటాడు!

గార్డు చేతి డబుల్ బ్యారెల్ సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. నున్నటి పొడుగు గొట్టం నుంచి వచ్చే ఛర్రాలు గజానికి అంగుళం చొప్పున విచ్చుకుంటాయని వేటగాళ్ల ముతక లెక్క. ఐదు మీటర్ల గదిలో అది జానెడు కూడా కాదు. కాబట్టి గురి అక్కర్లేదన్న మాట, ఆ మాట పుట్టిన తుపాకీకే వర్తించదు.

ఇప్పుడు అసలు లెక్క. పిట్టల వేటకు వాడే 7½ నంబరు ఛర్రాలు ఆ 14 గ్రాముల్లో 175 దాకా పడతాయి. రివాల్వర్ నుంచి అన్నీ కలిసి మోసుకెళ్లే శక్తి సుమారు 300 జౌళ్లు. మన .32 రివాల్వర్ బుల్లెట్‌ది 150 జౌళ్ల చుట్టుపక్కల. చూడ్డానికి ఛర్రాలదే పైచేయి. కానీ పంచి చూస్తే ఒక్కో ఛర్రాకు దక్కేది రెండు జౌళ్ల లోపు. బొంతపల్లి వీరభద్రస్వామి జాతర లాంటి చోట్ల బెలూన్లు కొట్టించే ఎయిర్ గన్ అర గ్రాము గుండును సెకనుకు 130 మీటర్ల వేగంతో వదిలినా నాలుగు జౌళ్లు ఉంటుంది. ఆ బెలూన్ల తుపాకీ గుండులో సగం శక్తి కూడా లేని ఛర్రాలు నూటా డెబ్బై ఐదు. వాటిని నమ్ముకుని ఇంటికి కాపలా ఉండటం నాకు సాహసంగానే తోస్తుంది.

లోతు ఎందుకు రాదో చెప్పేది సూటి రేఖాగణితమే. గుండు వ్యాసం సగానికి తగ్గిస్తే అది తోసుకుపోవాల్సిన ముందు వైశాల్యం నాలుగో వంతు అవుతుంది, బరువు మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే అడ్డును ఎదుర్కొనే ప్రతి చదరపు మిల్లీమీటరు వెనకా ఉన్న బరువు సగమే. 2.4 మిల్లీమీటర్ల ఛర్రా చర్మం, కొవ్వు, పైకండ దగ్గరే అలిసిపోతుంది. దళసరి చలికోటు ఉంటే మరీను. 2016లో కశ్మీర్ నిరసనల్లో పెల్లెట్ తుపాకులు చూపించింది ఇదే. లోతు రాకున్నా వందల మంది కళ్లను మాత్రం దెబ్బతీశాయి. ఒక మినహాయింపు చెప్పాలి: మీటరు లోపు దూరంలో ఛర్రాలు విడిపోక ముందే ఒకే ముద్దగా దిగుతాయి. ఆ గాయం ఘోరం. కానీ అంత దగ్గరికి వచ్చినవాడు తుపాకీ పట్టుకున్న చేతినే పట్టుకోగలడు.

ఎంత లోతు సరిపోతుంది అన్నదానికి ప్రమాణం కూడా మయామీ నుంచే వచ్చింది. 1986 ఏప్రిల్ 11న అక్కడ ఇద్దరు దోపిడీ దొంగలతో ఎఫ్‌బీఐ ఏజెంట్లు జరిపిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఒక దొంగ చేతిని చీల్చుకుని ఛాతీలోకి దిగిన 9 ఎం.ఎం. బుల్లెట్ గుండెకు కాస్త ఇవతల ఆగిపోయింది. ఆ గాయంతోనే అతను కాల్పులు సాగించాడు. ఆ తర్వాత ఎఫ్‌బీఐ, కండరానికి బదులుగా వాడే పది శాతం జెలటిన్ దిమ్మెలో కనీసం 12 అంగుళాలు, గరిష్ఠంగా 18 అంగుళాలు దిగాలని గీత గీసింది. మనిషి ఛాతీ అంత మందం లేకపోవచ్చు, కానీ అడ్డంగా చెయ్యి రావచ్చు, మనిషి పక్కకు తిరిగి ఉండొచ్చు. పిట్ట ఛర్రాలు ఆ గీతకు ఎంతో దూరంలో, కొద్ది అంగుళాల్లోనే ఆగిపోతాయి.

అలాగని జడ్జిని పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. అదే .410 తూటాలో 9.1 మిల్లీమీటర్ల గుండ్లు నాలుగు వేసి అమ్ముతారు. మన గన్‌షాపుల్లో 'ఎల్‌జీ' అనేది దాదాపు ఈ సైజే. ఒక్కోటి నాలుగున్నర గ్రాములు, రివాల్వర్ నుంచి సెకనుకు 260 మీటర్ల వేగం. లెక్క కడితే గుండుకు 150 జౌళ్లు. అంటే ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే నాలుగు .32 బుల్లెట్లు పోయినట్టు. లోతు గీతను కూడా అందుకోగలవు. కాకపోతే గది దూరంలో ఈ నాలుగూ దగ్గరదగ్గరగానే తగులుతాయి, కనుక గురి మళ్లీ కావాల్సిందే. దూరం పెరిగితే ఒకటో రెండో తప్పిపోయి, గోడ అవతల ఎవరున్నారో చూడకుండా పోతాయి. గురి అక్కర్లేదన్న ఆశతో కొన్న తుపాకీ, పనికొచ్చేలా నింపగానే గురి అడుగుతుంది.

లోతుగా తగిలినా మనిషి వెంటనే పడతాడన్నది సినిమా నేర్పిన మాట. మెదడుకో వెన్నుపాముకో తగలకపోతే, రక్తం పోయి ఒళ్లు తూలడానికి సమయం పడుతుంది. గుండె ఆగినా మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో పది పదిహేను సెకన్లు ఇష్టపూర్వకంగా కదలగలడని 1989లో ఎఫ్‌బీఐ నివేదికే చెప్పింది. ఆ సమయంలో చేతిలో కత్తి ఉన్నవాడు చేయగలిగింది చాలా ఉంది.

పటాన్‌చెరు బెల్టు దీనికి పూర్తిగా వేరైన ఆయుధాన్ని దగ్గర నుంచి చూసింది. 2022 డిసెంబరులో గడ్డపోతారం పారిశ్రామికవాడలో ఒక మందుల పరిశ్రమ లోపలికి చిరుత దూరింది. నర్సాపూర్ అడవి ఇక్కడికి ఎంతో దూరం కాదు. గంటల తరబడి శ్రమించి దానికి మత్తు ఇచ్చి హైదరాబాద్ నెహ్రూ జూపార్కుకు తరలించారు. మత్తు తుపాకీ డార్టు ఒకే ఒక్క సిరంజి. వేగం కావాలనే తక్కువ, ఎక్కువైతే సూది ఎముక దాకా దిగి జంతువును చంపేయవచ్చు. ఆపే పని మందుది. చిరుతలకు సాధారణంగా కెటమిన్, జైలజిన్ కలిపి వాడతారు, అవి పనిచేయడానికి నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు మనుషుల్ని దూరంగా ఉంచగలగడమే అక్కడ అసలు నైపుణ్యం. అక్కడ ఎవరైనా ఛర్రాలు పేల్చి ఉంటే, మూసిన బ్లాకులో గాయపడ్డ చిరుత మిగిలేది.

ఛర్రా రివాల్వర్ నిజంగా బాగా చేసే పని ఒకటుంది: పాములు. రెండు మూడు మీటర్ల దూరం, పలచటి ఒళ్లు, లోతు అక్కర్లేదు. అమెరికా పశువుల కాపరులు దశాబ్దాలుగా వాడుతున్నది అందుకే. మన దగ్గర ఆ అవసరమూ లేదు. 1972 వన్యప్రాణి చట్టం పాములకూ రక్షణ ఇస్తుంది, ఫోన్ చేస్తే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు సంచీ, కర్ర పట్టుకుని వస్తారు.

ఛర్రా తూటా పేల్చే చేతి తుపాకీ మన దేశంలో లేదని మాత్రం అనుకోకండి. తపంచాల్లో, అంటే దొంగచాటుగా చేసే నాటు పిస్టళ్లలో, చాలావాటికి 12 బోర్ తూటానే మేత. పరీక్ష చేయని ఇనుప గొట్టం ఏడు వందల కేజీల ఒత్తిడికి ఎప్పుడు చీలుతుందో చేసినవాడికీ తెలియదు. అది ఎదుటివాడికన్నా ముందు పట్టుకున్నవాడి వేళ్లకు ప్రమాదం.

అమెరికాలో ఇప్పటికే జడ్జ్ కొనుక్కుని సొరుగులో పెట్టుకున్న బంధువు ఉంటే ఒక పని చెప్పవచ్చు. షూటింగ్ రేంజికి వెళ్లి, తన పడకగది పొడుగెంతో అంత దూరంలో మనిషి ఛాతీ అంత కాగితం పెట్టి, ముందు పిట్ట ఛర్రా, తర్వాత నాలుగు గుండ్ల తూటా, ఆ తర్వాత .45 బుల్లెట్ ఒక్కోటి పేల్చమనండి. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, నడుమ ఎన్ని చిల్లులున్నాయో, అంచు దాటి ఎన్ని పోయాయో లెక్కపెట్టుకుంటే, ఆ చక్రంలో ఏ తూటా ఉంచాలో గన్‌షాపు వాణ్ని అడగాల్సిన పని ఉండదు.