స్టార్‌బర్స్ట్ గెలాక్సీల పవనాల నుండి ఎక్స్-కిరణాలు

స్టార్‌బర్స్ట్ గెలాక్సీ అనగా సాధారణం కంటే ఎంతో ఎక్కువ వేగంతో కొత్త నక్షత్రాలు పుట్టే గెలాక్సీ. దీని కేంద్రభాగం నుండి వేడి వాయువు పవనం వలె బయటకు ప్రవహిస్తుంది. ఈ వాయువు ఉష్ణోగ్రత లక్షల నుండి కోట్ల డిగ్రీల వరకు ఉండుటచే దాని వికిరణం ముఖ్యంగా ఎక్స్-కిరణాల రూపంలో వెలువడుతుంది. సప్తర్షి మండలం దిశలో సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎం82 దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఈ గెలాక్సీని 1774లో యోహాన్ బోడె కనుగొన్నాడు.

పవనం పుట్టుక

భారీ నక్షత్రాల ఆయుర్దాయం తక్కువ. అవి సూపర్నోవాలుగా పేలినపుడు పదార్థం సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో ఎగజిమ్ముతుంది. పేలుళ్ళు దగ్గరదగ్గరగా జరిగితే ఈ ప్రవాహాలు ఒకదానితో ఒకటి ఢీకొని, వాటి చలనశక్తి ఉష్ణంగా మారుతుంది. గెలాక్సీ పళ్ళెం వలె పలుచగా ఉన్నందున ఆ వేడి వాయువుకు పైకి, క్రిందికి పోవుటే సులభమైన దారి. ఈ ప్రక్రియకు గణిత నమూనాను షెవాలియే, క్లెగ్ 1985లో ప్రతిపాదించారు.

ఎక్స్-కిరణాలు ఎక్కడివి?

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. వేడి వాయువు వెలువరించే కాంతి దాని సాంద్రత వర్గానికి అనులోమంగా ఉంటుంది. సాంద్రత సగమైతే కాంతి నాలుగో వంతే. కావున అత్యధిక శక్తిని మోసుకుపోయే అసలు పవనం, మిక్కిలి పలుచనైనందున, మసకగా ఉంటుంది. చిత్రాలలో ప్రకాశవంతంగా కనిపించే మృదు ఎక్స్-కిరణాలలో ఎక్కువ భాగం పవనం చల్లని మేఘాలను తాకే చోట్ల పుట్టినవని భావిస్తారు. అటువంటి సరిహద్దులలో వేడి అయాన్లు చల్లని పరమాణువుల నుండి ఎలక్ట్రానులను లాగుకొనుట వలన కూడా కొంత వికిరణం కలుగుతుంది. పవనపు మూలాన్ని పట్టి ఇచ్చినది కేంద్రంలో కనిపించిన, అధికంగా అయనీకరణ చెందిన ఇనుము వర్ణపట రేఖ. దానిని బట్టి అక్కడి వాయువు ఉష్ణోగ్రత కోట్ల డిగ్రీలని తేలింది.

పరిశీలనలు

1999లో ప్రయోగించిన చంద్ర దూరదర్శిని అర సెకను కోణపు స్పష్టతతో వాయువును, బిందు మూలాలను వేరు చేసింది. ఇది చాలా అవసరం. ఎం82లోని ఒక ప్రకాశవంతమైన బిందువు న్యూట్రాన్ నక్షత్రమని 2014లో నూస్టార్ పరిశీలనలలో తేలింది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి పీఎస్ఎల్‌వీ-సీ30 మోసుకెళ్ళిన ఆస్ట్రోశాట్‌లోనూ మృదు ఎక్స్-కిరణ దూరదర్శిని ఉన్నది. దాని స్పష్టత సుమారు 2 నిమిషాల కోణం మాత్రమే. పవనపు పోగులను విడదీయుటకు అది చాలదు.

పవనంలో ఆక్సిజన్, ఇనుము వంటి మూలకాలు గెలాక్సీ వెలుపలికి చేరతాయి. వాటిలో ఎంత భాగం శాశ్వతంగా తప్పించుకుంటుంది, ఎంత తిరిగి పడుతుంది అన్నది వాయువు వేగంపై ఆధారపడి ఉంటుంది.