వేలెడంత సిలిండరులో నిప్పు

పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 ఇంజన్ తీసుకుందాం. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. పిస్టన్ పై నుంచి కింది దాకా దిగితే ఖాళీ అయ్యే జాగా 346 సీసీ. దీని డ్రాయింగులు ముందు పెట్టుకుని, ప్రతి కొలతనూ నాలుగో వంతుకు తగ్గించి, మంచి లేతు మీద ఒక్కో భాగాన్నీ పొల్లుపోకుండా తీసి బిగించామనుకోండి. అరచేతిలో పట్టే బుల్లెట్ ఇంజన్ తయారవుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కావడం కష్టం. ఒకవేళ అయినా నాలుగు చప్పుళ్లు చేసి ఆగిపోతుంది. చేసినవాడి చేతిలో లోపమేమీ లేదు. లోహాన్ని నాలుగో వంతుకు తగ్గించగలిగాడు గానీ మంటనూ పెట్రోలు తుంపరనూ తగ్గించడం ఎవరి తరం? ఇంటి షెడ్డులో లేతు పెట్టుకుని చిన్న ఇంజన్లు చేసేవాళ్లు నూరేళ్లకు పైగా ఈ చిక్కుతోనే కుస్తీ పడుతున్నారు.

కొలతలు నాలుగో వంతైతే సిలిండరు గోడల వైశాల్యం పదహారో వంతవుతుంది, లోపలి జాగా మాత్రం అరవై నాలుగో వంతుకు పడిపోతుంది. 346 సీసీ కాస్తా 5.4 సీసీ. అసలు ఇంజన్లో ఒక్కో సీసీ వాయువుకు దాదాపు 0.8 చదరపు సెంటీమీటర్ల గోడ ఉంటే చిన్నదాన్లో 3.2 ఉంటుంది. మండిన వాయువు తన వేడిని పిస్టన్ మీద ఖర్చు పెట్టకముందే గోడలు లాగేసుకుంటాయి. పెళ్లి గుండిగలో అన్నం చాలాసేపు పొగలు కక్కుతూనే ఉంటుంది, అదే అన్నం చిన్న గిన్నెలోకి తీస్తే అటు తిరిగి ఇటు తిరిగేసరికి చల్లారిపోతుంది కదా, ఇదీ అంతే. పిస్టన్‌కూ సిలిండరుకూ మధ్య సందు సంగతి ఇంకా కఠినం. సందు వెడల్పు పెద్ద ఇంజన్లో ఉన్నంతే ఉంచితే, ఉన్న వాయువుతో పోల్చినప్పుడు కారిపోయే దారి పదహారింతలవుతుంది. ఇక పెట్రోలు తుంపర: కార్బురేటర్ చిన్నదైనంత మాత్రాన బొట్లు చిన్నవి కావు. ఇరుకు గొట్టంలో అవి గోడకు తగిలి అంటుకుపోతాయి, లోపలికి వెళ్లాల్సిన ఇంధనంలో కొంత తడిగా గోడ మీదే మిగిలిపోతుంది.

మంటకు కూడా ఓ హద్దుంది. చల్లటి గోడకు మరీ దగ్గరైన మంట వేడి పోగొట్టుకుని ఆరిపోతుంది. మామూలు గాలి పీడనంలో పెట్రోలు ఆవిరి మంట సుమారు రెండు మిల్లీమీటర్ల కన్నా ఇరుకైన సందులోకి దూరలేదు. సిలిండరులో పీడనం పెరిగినకొద్దీ ఆ హద్దు తగ్గుతుంది, అదొక్కటే ఊరట. మన చిట్టి బుల్లెట్‌కు ఆరున్నర కంప్రెషన్ అనుకుంటే పిస్టన్ పైకి చేరాక మంటకు మిగిలే ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు.

ఈ హద్దును లోకానికి వాడి చూపించినవాడు హంఫ్రీ డేవీ. 1815లో ఆయన బొగ్గుగనుల కార్మికుల కోసం చేసిన దీపం చుట్టూ సన్నటి తీగల జల్లెడ ఉంటుంది. గనిలో పేలుడు వాయువు ఉన్నా, లోపలి మంట జల్లెడ కన్నాల్లోంచి బయటికి రాలేదు. ఆ దీపం మీద ప్రయోగాలు సాగిస్తూనే 1817లో డేవీ ఇంకో వింత కనిపెట్టాడు. వేడిచేసిన ప్లాటినం తీగను మండే వాయువు, గాలి కలిసిన చోట ఉంచితే మంటేమీ లేకుండానే అది ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. దీపం ఆరిపోయినా కార్మికుడికి కాస్త వెలుగు మిగలాలని వత్తి పైన ప్లాటినం తీగ చుట్ట అమర్చాడు. చిన్న ఇంజన్ ఎందుకు పలకదో, ఎలా పలికించాలో రెండూ ఆ ఒక్క దీపంలోనే ఉన్నాయి. రెండోదాన్ని ఇంజన్లోకి తీసుకురావడానికి మాత్రం 130 ఏళ్లు పట్టింది.

ఈలోగా చిన్న ఇంజన్లు స్పార్క్ ప్లగ్గుతోనే నడిచాయి. 1898 జనవరిలో లండన్‌లో పెర్సివల్ మార్షల్ 'మోడల్ ఇంజనీర్' పత్రిక మొదలుపెట్టాడు. పగలు గుమాస్తాలుగా, ఫిట్టర్లుగా, మాస్టర్లుగా పనిచేసి రాత్రి షెడ్డులో లేతు తిప్పేవాళ్లకు అది దిక్సూచి అయింది. 1914లో డేవిడ్ స్టాంగర్ అనే ఇంగ్లీషువాడు తాను తయారుచేసిన రెండు సిలిండర్ల పెట్రోలు ఇంజన్‌తో మోడల్ విమానాన్ని 51 సెకన్లు ఎగరేశాడు. ఆ రికార్డు 1932 దాకా చెక్కుచెదరలేదు. ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. ఇంజన్ చిన్నదైనా దాన్ని వెలిగించే బ్యాటరీ, కాయిల్, కండెన్సర్ చిన్నవి కావుగా! విమానం తన ఇంజన్‌తో పాటు ఓ చిన్నపాటి కరెంటు ఆఫీసును మోసుకుపోవాలి.

ఈ కథలో నాకు అందరికన్నా గొప్పగా కనిపించేవాడు ఎడ్గార్ వెస్ట్‌బరీ. 1970లో చనిపోయేదాకా దశాబ్దాల పాటు 'మోడల్ ఇంజనీర్'లో ఇంజన్ల డ్రాయింగులు గీసి, ఏ భాగం ముందు తీయాలి, చక్‌లో ఎలా పట్టాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది అన్నది పూసగుచ్చినట్టు రాశాడు. పెద్ద ఇంజన్ బొమ్మను కుదించే పని ఆయన ఎప్పుడూ పెట్టుకోలేదు. చిన్న ఇంజన్‌కు ఏం కావాలో దాన్నే అడిగి తెలుసుకున్నట్టు గీసేవాడు. ఆయన 'సీల్' ఇంజన్ మోడల్ పడవల కోసం చేసింది. నాలుగు సిలిండర్లు, నాలుగూ కలిపి 15 సీసీ. వాల్వులు సిలిండరు పక్కన ఉంటాయి, చుట్టూ నీళ్లు తిరుగుతాయి. పక్క వాల్వుల పద్ధతి అప్పటికే పాతదైపోతోంది. అయినా తల మీద రాకర్లు, పుష్‌రాడ్‌లు లేకపోతే ఇంట్లో చేసేవాడికి సగం తలనొప్పి తగ్గుతుందని ఆయనకు తెలుసు. నెవిల్ షూట్ ఆఖరి నవల 'ట్రస్టీ ఫ్రమ్ ది టూల్‌రూమ్' 1960లో వచ్చింది. అందులో కథానాయకుడు ఇంటి నేలమాళిగలో బుల్లి యంత్రాలు చేస్తూ పత్రికకు వ్యాసాలు రాసే మనిషి. షూట్ ఆ పాత్రను వెస్ట్‌బరీని చూసే మలిచాడని ఈ పని తెలిసినవాళ్లు నేటికీ చెప్పుకుంటారు.

అట్లాంటిక్‌కు అవతల ఫిలడెల్ఫియాలో కుర్రవాడు బిల్ బ్రౌన్ 10 సీసీ రెండు స్ట్రోకుల ఇంజన్ చేశాడు. అతని స్నేహితుడు మాక్స్‌వెల్ బాసెట్ దాన్ని విమానానికి బిగించి 1933 అమెరికా జాతీయ పోటీల్లో రబ్బరు బ్యాండ్లతో ఎగిరే విమానాలను చిత్తుచేశాడు. పెట్రోలు విమానాలకు వేరే విభాగం పెట్టక తప్పలేదు. 1934లో బాసెట్ విమానం రెండున్నర గంటలకు పైగా గాల్లో ఉంది. అదే ఏడు 'బ్రౌన్ జూనియర్' పేరుతో ఆ ఇంజన్ 21 డాలర్ల 50 సెంట్లకు అమ్మకానికి వచ్చింది.

1947లో న్యూయార్క్‌వాసి రే ఆర్డెన్ గ్లో ప్లగ్‌ను బజారులోకి తెచ్చాడు. స్పార్క్ ప్లగ్ ఉండాల్సిన చోట చిన్న ప్లాటినం తీగ చుట్ట, అంతే. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తారు. ఇంజన్ అందుకోగానే బ్యాటరీ వైరు పీకేస్తారు. పెట్రోలు బదులు మిథనాల్ వాడాలి. మిథనాల్ ఆవిరికి ప్లాటినం తగిలితే అక్కడే వేడి పుడుతుంది, దానికి గత స్ట్రోకులో మిగిలిన వేడి తోడై తీగ మళ్లీ ఎర్రబడుతుంది. గని దీపంలోని తీగే ఇది. కాయిల్ పోయింది, కండెన్సర్ పోయింది, విమానం మోసే బ్యాటరీ పోయింది. ఆ మిథనాల్లో కందెనగా కలిపేది మన ఆముదమే, తరచుగా అయిదో వంతు దాకా. ఆముదం పెట్రోల్లో సరిగా కలవదు, మిథనాల్లో చక్కగా కలిసిపోతుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట చేలల్లో పండే పంటకు ఇలాంటి పని కూడా ఉందని చాలామందికి తెలియదు.

యూరప్‌లో యుద్ధకాలంలోనే ఇంకో దారి తెరుచుకుంది. 1941లో స్విట్జర్లాండ్‌లో 'డైనో' అనే రెండు సీసీల ఇంజన్ వచ్చింది. ఈథర్, కిరోసిన్, నూనె కలిపి పోస్తే ప్లగ్గే అక్కర్లేదు. ఈథర్ రెండు వందల డిగ్రీల లోపే తనంతట తాను అంటుకుంటుంది కాబట్టి గట్టిగా నొక్కితే చాలు. సిలిండరు పై మూతలో ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి నొక్కుడు ఎక్కువా తక్కువా చేసుకోవచ్చు. వీటిని డీజిల్ ఇంజన్లనేవారు. డీజిల్ పోయరు, ఇంజెక్టరూ ఉండదు, అయినా ఆ పేరే నిలిచింది. కలకత్తాలో 'అరోరా' పేరుతో ఇవి తయారయ్యేవి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకున్న పాతతరం వాళ్లకు ఆ ఈథర్, కిరోసిన్ కలిసిన ఘాటు గుర్తుండే ఉంటుంది.

చిన్న పరిమాణానికి విరుగుడు వేగమని కాలిఫోర్నియాలో కాక్స్ కంపెనీ నిరూపించింది. దాని 'టీ డీ 010' ఇంజన్ 0.16 సీసీ, బోరు 6 మిల్లీమీటర్లు. నిమిషానికి 25 వేల చుట్లు దాటి తిరుగుతుంది, అంటే సెకనుకు 400కు పైగా పేలుళ్లు. వేడి గోడలోకి ఇంకడానికీ, వాయువు సందులోంచి కారడానికీ వ్యవధి దొరకదు. గ్లో ప్లగ్ వచ్చాక ఇంజన్ కొనుక్కోవడం చవకైంది, ఇంట్లో చేసేవాళ్లు తగ్గారు. విమానాలు ఎగరేసేవాళ్లకు అది వరం. చేతిపని వైపు నుంచి చూస్తే నష్టమేనని నా అభిప్రాయం.

చేతిపని అంటే ఏమిటో పిస్టన్ దగ్గర చూడాలి. చిన్న రెండు స్ట్రోకుల ఇంజన్‌కు రింగులుండవు. ఉక్కు సిలిండరులో పోత ఇనుము పిస్టన్ నేరుగా జారాలి, వాయువు మాత్రం జారకూడదు. మధ్య సందు తలవెంట్రుక మందంలో పదో వంతుకు లోపే. లేతు టూలు అంత నునుపు ఇవ్వలేదు. అందుకే రుద్దాలి. రాగి లేదా అల్యూమినియం కడ్డీని బోరుకు సరిపడా తీసి, దాన్ని చీల్చి, నూనెలో కలిపిన సన్నటి రాపిడి పొడి పూసి సిలిండరులో ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తిప్పుతారు. మెత్తటి లోహంలో పొడి గింజలు నాటుకుని గట్టి ఉక్కును కోస్తాయి. పిస్టన్‌ను బయటి నుంచి రుద్దడానికి వేరే రింగు. పిస్టన్‌నూ సిలిండరునూ ఒకదాంట్లో ఒకటి పెట్టి రుద్దడం చేయరాని పని. గింజలు పిస్టన్‌లో చిక్కుకుని ఇంజన్ తిరిగినంతకాలం కోస్తూనే ఉంటాయి, బోరు మూతులు గంటలా విచ్చుకుంటాయి. ప్రతిసారీ కిరోసిన్‌తో కడిగి, తుడిచి, చల్లారాకే సరిచూడాలి. అరచేతి వేడికి కూడా పిస్టన్ ఉబ్బి అబద్ధం చెబుతుంది. పై భాగం ఎక్కువ వేడెక్కి విచ్చుకుంటుంది కాబట్టి చాలామంది బోరును పైన కొంచెం బిగువుగా, కింద కొంచెం వదులుగా ఉంచుతారు. పిస్టన్ కింది నుంచి తేలిగ్గా వచ్చి పైకి చేరేసరికి పట్టాలి. ఈ పట్టు ఏ గేజీ చెప్పదు, వేళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు కొత్తగా దిగేవాళ్లు విమాన ఇంజన్లకన్నా పాత పొలం ఇంజన్ల నమూనాలను ఎక్కువగా ఎంచుకుంటున్నారు, అది మంచి ఎంపిక. హిట్ అండ్ మిస్ అనే ఆ రకంలో పెద్ద ఫ్లైవీళ్లుంటాయి. ఇంజన్ వేగం హద్దు దాటగానే, దాన్ని అదుపు చేసే గవర్నర్ ఎగ్జాస్ట్ వాల్వును తెరిచే పట్టి ఉంచుతుంది. సిలిండరులో పీల్పు పుట్టదు, స్ప్రింగు మీద నిలిచే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోదు, పెట్రోలు రాదు. ఫ్లైవీల్ ఊపుతో పది చుట్లు ఉత్తుత్తినే తిరిగి, వేగం తగ్గగానే ఒక్క పేలుడు. నెమ్మదిగా తిరిగే ఇంజన్ కనక లోపల జరిగేదంతా కంటికి ఆనుతుంది. పోతలు అక్కర్లేకుండా కడ్డీల నుంచి, పలకల నుంచే చేయదగ్గ డిజైన్లున్నాయి. నాలుగు స్ట్రోకుల వెబ్‌స్టర్ ఇంజన్ అలాంటిదే, దాని డ్రాయింగులు ఉచితంగా దొరుకుతాయి. మన ఆటోనగర్లలో లేతు మీద చేయి తిరిగిన టర్నర్‌కు అవి కొరుకుడు పడనివి కావు.

బిగించాక కూడా పలకకపోతే చాలామంది ముందు కార్బురేటర్ మీద పడతారు. అది తప్పు వరస. ప్లగ్ విప్పి కన్నం మీద బొటనవేలు అదిమి ఫ్లైవీల్ తిప్పాలి. వేలిని తోసుకుని గాలి టప్పున బయటికి రావాలి. రాకపోతే వాల్వు కూర్చునే చోట కిరోసిన్ పోసి, వెనక నుంచి గాలి ఊది బుడగలు చూడాలి. అంత చిన్న వాల్వుకు సీటు వెడల్పు వెంట్రుకలు మూడు నాలుగు పేర్చినంతే, అందులో గీత పడినా ఇంజన్ మొండికేస్తుంది. గాలి నిలిచాక స్పార్క్ సమయం, ఆ తర్వాతే కార్బురేటర్ సూది. ఈ వరసలో వెళ్తే చాలాసార్లు సూదిని అర చుట్టు అటో ఇటో తిప్పడంతోనే పని అయిపోతుంది.