కె562: లేనివాటితోనే లెక్కకొచ్చిన కణం

1970లో అమెరికాలో 53 ఏళ్ల మహిళ ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిని తీశారు. ఆమెది మైలాయిడ్ రకం బ్లడ్ క్యాన్సర్, అదీ బాగా ముదిరిన దశ. ఆ నీటిలోని కణాలను టెన్నెసీలో కార్మెన్ లోజియో, బిస్మార్క్ లోజియో సీసాల్లో పెంచి, 1975లో ఆ సంగతి ప్రచురించారు. కె562 అని పేరు పెట్టిన ఆ కణాలు నేటికీ ఒకటి ఒకటిన్నర రోజుకోసారి రెట్టింపవుతూనే ఉన్నాయి.

దీని గొప్పంతా లేనివాటిలోనే ఉంది. మన కణాలు చుట్టుపక్కల వాటిని పట్టుకునేందుకు వాడే ఇంటిగ్రిన్లు 24 రకాలు. కె562 మీద చెప్పుకోదగ్గది ఒక్కటే: ఆల్ఫా5బీటా1. దాంతో ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ పూసిన ప్లేటుకు అతుక్కుంటుంది. ఇప్పుడు ఆల్ఫావీబీటా3 అనే ఇంకో ఇంటిగ్రిన్ జన్యువులను చేర్చండి. విట్రోనెక్టిన్ అనే మరో ప్రోటీన్ పూసిన ప్లేటు మీద పాత కణాలనూ కొత్త కణాలనూ వేసి, కాసేపాగి కడగండి. కొత్తవే ఎక్కువ మిగిలాయంటే అది ఆ ఒక్క ఇంటిగ్రిన్ చలవే.

రెండో లోటు ఇంకా పనికొచ్చేది. దాదాపు ప్రతి కణం మీదా ‘మనవాడే’ అని చూపే హెచ్‌ఎల్‌ఏ గుర్తులుంటాయి. కె562 మీద అవి లేనట్టే. అందుకే రక్తంలోని ఎన్‌కే కణాలు, అంటే సహజ హంతక కణాలు, దీన్ని చూడగానే విరుచుకుపడతాయి. ఆ దాడిని కొలిచే పాత పద్ధతి క్రోమియం-51. రేడియోధార్మిక క్రోమియం నింపిన 10,000 కె562 కణాల మీదికి లక్ష ఎన్‌కే కణాలను వదిలి, 4 గంటలయ్యాక ఎంత బయటికొచ్చిందో చూస్తారు. ఉదాహరణకు ఎవరూ తాకకుండానే కారినది 200, అన్నీ చస్తే వచ్చేది 2,200, పరీక్షలో 1,200 అనుకుందాం. 200 తీసేస్తే 2,000కి 1,000, అంటే సగం చచ్చాయి. అదే కె562కి హెచ్‌ఎల్‌ఏ-ఈ తగిలిస్తే, ఎన్‌కేజీ2ఏ అనే పగ్గమున్న ఎన్‌కే కణాలు వెనక్కి తగ్గుతాయి.

బలిపశువునే దాదిగా మార్చినవాళ్లూ ఉన్నారు. 2012లో ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం పరిశోధకులు ఇంటర్‌ల్యూకిన్-21 అనే సంకేత ప్రోటీన్‌ను పొర మీద నిలిపిన కె562ను, పెరగకుండా రేడియేషన్ ఇచ్చి, ఎన్‌కే కణాలతో కలిపి పెంచారు. 3 వారాల్లో ఎన్‌కే కణాలు సగటున 47,967 రెట్లయ్యాయి. మధ్యగతం 31,747 రెట్లే. కొందరు దాతల కణాలు విపరీతంగా పెరిగి సగటును పైకి లాగాయన్నమాట. నా మట్టుకు నమ్మదగిన అంకె రెండోదే: 15 సార్లు రెట్టింపు, అంటే సుమారు 34 గంటలకోసారి.

ఈ రెట్లన్నీ సీసాలో పెరిగిన కణాలవి, రోగిలో కరిగిన కణితివి కావు. ఇలాంటి అంకె వార్తల్లో కనబడితే ముందు ఆ రెండింట్లో ఏదో చూసుకోండి.